బెల్లం చూసి కొన్న అమ్మ... బొమ్మ చూసి కొన్న నేను!

"ఏటమ్మా... ఏదో మాడిన కంపు వస్తంది. పొయ్యి మీద ఏటైనా పెట్టి మరిసిపోయారేటి?"

పెళ్లికూతురి నాయనమ్మ వంటింటి వైపు చూస్తూ అడిగింది. పొయ్యి మీద ఏమీ లేదు. మాడింది నా చేతిలో ఉంది. రెండు వేళ్ల మందాన పాయ. నల్లగా, నిగనిగలాడుతూ నడుం దాకా ఉండాల్సిన జుట్టు భుజం దగ్గరే పుటుక్కున తెగి, స్ట్రెయిటెనర్‌ రేకుల మధ్య అతుక్కుపోయింది. మర్నాడు రాత్రి ముహూర్తం. ముందురోజు సాయంత్రం ఫొటోల కోసం జుట్టు విరబోసుకుంటానని ఆ అమ్మాయి ముచ్చటపడితే, నేను చేసిన నిర్వాకం ఇది.

మాది చోడవరం. నిన్నమొన్నటి దాకా విశాఖపట్నం జిల్లా అని రాసేవాళ్లం. 2022 ఏప్రిల్‌ నుంచి అనకాపల్లి జిల్లా అంటున్నాం. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి నడిచి వెళ్లేంత దూరంలో మా ఇల్లు. ముందుగదిలో అద్దం, రెండు కుర్చీలు, ఓ కర్టెన్‌... అదే నా బ్యూటీపార్లర్‌. పిల్లలు బడికెళ్లాక ఊరికే కూర్చోవడం ఎందుకని కోర్సు నేర్చుకుని, డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుని మొదలుపెట్టాను. ఐబ్రోస్‌తో మొదలై పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసే దాకా వచ్చాను. పేరు రావడానికి ఆరేళ్లు పట్టింది. పోవడానికి ఆ సాయంత్రం అరనిమిషం చాలనిపించింది.

సగం ధరకే వస్తోందని...

మొదట్లో సామానంతా విశాఖ వెళ్లి తెచ్చుకునేదాన్ని. పొద్దున్నే బస్సెక్కి, పూర్ణా మార్కెట్టు, జగదాంబ సెంటరు తిరిగి, చేతులు పడిపోయేలా సంచులు మోసుకుని చీకటిపడ్డాక ఇల్లు చేరేదాన్ని. ఫోన్లో కొనడం అలవాటయ్యాక ఆ తిరుగుడు తప్పింది. దువ్వెనలు, బ్రష్షులు, స్పాంజీలు గుమ్మం ముందుకే వచ్చేవి. చిన్నచిన్నవి బాగానే ఉండటంతో ధైర్యం పెరిగింది.

శ్రావణమాసం ముహూర్తాలు దగ్గరపడుతుంటే పాత స్ట్రెయిటెనర్‌ మొరాయించింది. ఎప్పటినుంచో కొనాలనుకుంటున్న పేరున్న కంపెనీది వెతికాను. విశాఖ షాపులో 4 వేల పైచిలుకు చెప్పినది ఫోన్లో 1,799 రూపాయలకే కనిపించింది. పైన ఎర్రటి అక్షరాలతో గడియారం పరుగెడుతోంది. 'ఇంకా 2 మాత్రమే మిగిలాయి' అని కింద ఉంది. నాలుగున్నర చుక్కల రేటింగు. అదే రంగు, అదే పేరు, అదే బొమ్మ. ఇంకేం కావాలి? మా ఆయన "ఇంత తక్కువకి ఎలా ఇస్తున్నారు?" అన్నారు. "మీకేం తెలుసు, ఆఫర్లు ఇలాగే ఉంటాయి" అన్నాను. ఆ మాటని ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు.

వారంలోగా పెట్టె వచ్చింది. విప్పి చూసి, మురిసిపోయి, సీజన్లో కొత్తగా తీద్దామని బీరువాలో దాచాను. అదే నేను చేసిన రెండో తప్పు. పన్నెండో రోజున పెళ్లివారింట్లో మొదటిసారి ప్లగ్గులో పెట్టాను. అప్పటికి వాపసు ఇచ్చే 7 రోజుల గడువు ఎప్పుడో దాటిపోయింది.

నోరు జారింది... మనసు ఊరుకోలేదు

ఆ రాత్రి జరిగింది రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా రాస్తాను.

పాయ తెగిన క్షణంలో నా నోటి నుంచి వచ్చిన మాట "అయ్యో, నా మిషన్‌ పాడైంది" అని కాదు. "నీ జుట్టు బాగా పొడిబారిపోయిందమ్మా. నూనె రాయడం మానేశావా?" అన్నాను. ఎలా వచ్చిందో తెలియదు, వచ్చేసింది. పాపం ఆ పిల్ల ఏమందో తెలుసా? "అవునక్కా... హాస్టల్లో నీళ్లు మంచివి కావు. నాదే తప్పు" అంది. కళ్లనిండా నీళ్లు. వాళ్లమ్మ కూడా "చెప్తే వినదు, నూనె రాసుకోమంటే జిడ్డంటుంది" అని కూతుర్నే కోప్పడింది. నేను తలొంచుకుని దువ్వెన సర్దుకున్నాను.

ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు. అందరూ పడుకున్నాక పాత సవరం ఒకటి తీసి, దాని కొసల్ని ఆ స్ట్రెయిటెనర్లో పెట్టాను. అంకె 160 చూపిస్తోంది. మామూలుగా ఇవి 150 నుంచి 230 డిగ్రీల మధ్య పనిచేస్తాయి. 160 అంటే పలచటి జుట్టుకి పెట్టే వేడి. మూడు లెక్కపెట్టేలోపు పొగ వచ్చింది. పాత మిషన్‌ ఎలాగో ఓసారి పనిచేయిస్తే, అందులో అదే సవరం ఎక్కువ అంకె దగ్గర కూడా చక్కగా సాగింది. అంటే ఆ పిల్ల జుట్టులో ఏ లోపమూ లేదు. లోపం నా సంచిలో ఉంది. దాన్ని ఆమె నెత్తికి పూసి వచ్చాను.

తెల్లారేసరికి వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో తాటాకు పందిరి కింద వాళ్లమ్మ ముగ్గు వేస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. తక్కువకి వస్తోందని కొన్నానని, ముందుగా పరీక్షించలేదని, అమ్మాయి జుట్టుకేమీ కాలేదని... అడ్వాన్సు డబ్బులు తిరిగి ఆమె చేతిలో పెట్టబోయాను. ఆవిడ తీసుకోలేదు. కోప్పడలేదు కూడా. "ఈ మాట రాత్రే చెప్పుంటే మా గుంట రాత్రంతా ఏడవకపోను కదమ్మా" అంది. అంతే. నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

మంగళస్నానం అయ్యాక జడ నేనే వేశాను. తెగిన పాయని లోపలికి మడిచి, సవరం పెట్టి, పూలజడ అల్లాను. ఎవరికీ ఏమీ కనిపించలేదు. నాకు మాత్రం ఆ పాయ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

విప్పి చూస్తే ఏముంది?

పెళ్లయ్యాక మా వీధి చివర మోటారు వైండింగ్‌ షాపు అన్నయ్య దగ్గరికి ఆ మిషన్‌ తీసుకెళ్లాను. నాలుగు స్క్రూలు తీసి చూసి నవ్వాడు. "చెల్లెమ్మా, దీంతో తల కాలకపోవడమే గొప్ప" అన్నాడు. వేడి ఎంతుందో కనిపెట్టి కరెంటు ఆపాల్సిన సెన్సరు పేరుకి ఉందిగానీ రేకుకి తగలడమే లేదట. అందుకే అంకె ఎంత చూపించినా రేకు తన ఇష్టం వచ్చినట్టు కాలుతోంది. వైరు చెవిపోగు తీగంత సన్నం. సిరామిక్‌ అన్నది పైపూత రంగే, గోటితో గీకితే లేచివచ్చింది.

ఆ తర్వాత విశాఖ వెళ్లినప్పుడు తెలిసిన షాపులో అసలుదాన్ని అడిగి చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు తెలిసింది తేడా. అసలుది బరువుగా ఉంది. రెండు రేకులూ మూస్తే మధ్యలో కాగితం కూడా దూరనంత కచ్చితంగా కలుస్తున్నాయి. నాదాంట్లో ఓ పక్క వెలుతురు కనిపిస్తోంది. అసలు దానికి మన గోడ సాకెట్లో సరిగ్గా కూర్చునే ప్లగ్గు. నాదానికి ఎక్కడిదో బద్దపిన్నుల ప్లగ్గు, దానికి తగిలించిన ఓ వదులు అడాప్టరు. అసలు పెట్టె మీద దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, చిరునామా, తయారైన దేశం, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోన్‌ నంబరు అన్నీ ఉన్నాయి. నా పెట్టె మీద కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంది. మిగతావేవీ లేవు. 'టెంపరేచర్‌' అన్న ఇంగ్లిషు మాటలో ఓ అక్షరం కూడా ఎగిరిపోయింది. పన్నెండు రోజులు బీరువాలో ఉన్న పెట్టె మీద ఆ తప్పు నా కంటపడలేదు!

బస్సులో తిరిగి వస్తుంటే అమ్మ గుర్తొచ్చింది.

మాది బెల్లం ప్రాంతం. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. నా చిన్నప్పుడు చెరకు బళ్లు వరసకట్టి వెళ్తుంటే వెనక నుంచి గడలు లాక్కునేవాళ్లం. అలాంటి చోట పుట్టి కూడా అమ్మ బెల్లం కొనడానికి అరగంట తీసుకునేది. మెరిసిపోయే పసుపుపచ్చ బెల్లాన్ని ముట్టుకునేది కాదు. రంగు కోసం హైడ్రోస్‌ అనే మందు దట్టంగా కలిపేవాళ్లుంటారని ఆమెకి తెలుసు. "అందంగా ఉన్నది ఎందుకంత అందంగా ఉందో అడగాలి" అనేది. ముదురు రంగు దిమ్మనే ఎంచుకుని, ఓ ముక్క విరిచి, వాసన చూసి, నాలిక మీద వేసుకుని, "ఏ ఊరి గానుగది?" అని అడిగాకే తూకం వేయించేది. అమ్మేవాడు విసుక్కున్నా లెక్కచేసేది కాదు.

అమ్మ చూసింది, వాసన పట్టింది, రుచి చూసింది, ఎక్కణ్నుంచి వచ్చిందో అడిగింది. నేను బొమ్మ చూశాను. ఫోన్‌ తెర మీద విరిచి చూడలేం, నిజమే. కానీ 'ఏ ఊరి గానుగది?' అని అడగడానికి మాత్రం అక్కడా వీలుంది. నేనే అడగలేదు.

ఫోన్లోనూ 'వాసన' పట్టొచ్చు

ఇప్పుడు ఏదైనా కొనేముందు నేను చూసే మొదటి విషయం బొమ్మా కాదు, ధరా కాదు... అమ్ముతున్నదెవరు అన్నది. పెద్ద పెద్ద షాపింగ్‌ యాప్‌లు చాలావరకు సంతలాంటివి. సంత పేరు ఒకటే, అంగళ్లు వేలు. వస్తువు కింద చిన్నక్షరాల్లో అమ్మకందారు పేరుంటుంది. దాన్ని నొక్కితే వాళ్లు ఇంకేమేం అమ్ముతున్నారో తెలుస్తుంది. నాకు స్ట్రెయిటెనర్‌ అమ్మిన దుకాణం చెప్పులు, సెల్‌ఫోన్‌ కవర్లు, దోమల బ్యాట్లు కూడా అమ్ముతోంది! అసలు కంపెనీవాళ్ల సైట్లోకి వెళ్తే తమ అధీకృత విక్రేతలెవరో చాలామంది రాసిపెడతారు. ఈ రెండు పేర్లూ కలిస్తేనే నేనిప్పుడు ముందుకెళ్తున్నాను.

రెండోది ధర. పండగ ఆఫర్లో పదీ ఇరవై శాతం తగ్గిందంటే నమ్మొచ్చు. ఏ షాపులోనూ రాని తగ్గింపు ఒక్కచోటే, అదీ ఏడాది పొడుగునా ఉందంటే అనుమానించాల్సిందే. ఇక ఆ ఎర్ర గడియారం సంగతి. లేని తొందర పుట్టించి కొనిపించడం తప్పేనని కేంద్రం 2023 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇలా కొనుగోలుదారుని మభ్యపెట్టే ఎత్తులు పదమూడింటిని అందులో పేర్కొన్నారు. ఆ గడియారం కనిపిస్తే నేనిప్పుడు ఫోన్‌ పక్కన పెట్టి ఓ కాఫీ తాగి వస్తున్నాను. తిరిగి వచ్చాక చూస్తే గడియారం మళ్లీ మొదటినుంచి తిరుగుతుంటుంది!

మూడోది అభిప్రాయాలు. అయిదు చుక్కలవి నేను చదవను. ఒకటి, రెండు చుక్కలవే చదువుతాను. 'వాసన వస్తోంది', 'అంకె మారినా వేడి మారడం లేదు', 'పెట్టె మీద ముద్ర లేదు' అని రాసినవాళ్లే మన తోబుట్టువులు. నేను కొన్నదానికి ఇప్పుడు వెళ్లి చూస్తే పొగిడిన వాటిలో కొన్ని దుప్పటి గురించి రాసినవి. పాత వస్తువు పేరు మార్చి అదే పేజీలో కొత్త వస్తువు పెట్టేస్తారట. ఆన్‌లైన్‌ అభిప్రాయాలు ఎలా సేకరించాలో, ఎలా ప్రచురించాలో 2022లో భారతీయ ప్రమాణాల సంస్థ, అదే బీఐఎస్‌, ఓ ప్రమాణం తెచ్చింది కూడా. అయితే దాన్ని పాటించడం అప్పట్లో వారి వారి ఇష్టానికే వదిలేశారు. కాబట్టి మన జాగ్రత్తలో మనం ఉండాల్సిందే.

పెట్టె వచ్చిన రోజే విప్పాలి. విప్పుతున్నప్పుడు ఫోన్లో వీడియో తీయాలి. సీల్‌, చిరునామా చీటీ, పెట్టెకి అన్ని వైపులా కనిపించాలి. సీరియల్‌ నంబరు ఉంటే కంపెనీ సైట్లోనో, వాళ్లకి ఫోన్‌ చేసో సరిచూసుకోవాలి. ఐఎస్‌ఐ ముద్ర ఉంటే దాని కింద లైసెన్సు నంబరుండాలి. 'బీఐఎస్‌ కేర్‌' యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరిదో, చెల్లుతుందో లేదో చెబుతుంది. ట్రిమ్మర్ల అడాప్టర్లు, బ్యాటరీల మీద 'ఆర్‌' అక్షరంతో ఉండే నంబర్లని కూడా అలాగే చూసుకోవచ్చు. ముద్ర వేయడం నకిలీవాళ్లకి కష్టం కాదు, నంబరు దగ్గరే దొరికిపోతారు.

కరెంటు వస్తువులే కాదు. చర్మం మీద సూదులతో దొర్లించే డెర్మా రోలర్లు కూడా చవగ్గా అమ్ముతున్నారు. సూదులు వంకరపోయినవో, శుభ్రం చేయనివో అయితే మొహం మీద గాట్లు, చీము తప్పవు. అది డాక్టరు దగ్గర చేయించుకోవాల్సిన పని. నా పార్లర్లో దానికి చోటు లేదు.

మనమొక్కళ్లమే కాదు

ఇదంతా నా తెలివితక్కువతనమే అనుకున్నాను గానీ, పెద్ద పెద్ద దేశాలకీ ఈ బెడద ఉందని తర్వాత తెలిసింది. 2001లో ఇంగ్లండ్‌లో మొదలైన జీహెచ్‌డీ అనే స్ట్రెయిటెనర్ల కంపెనీకి నకిలీల పోటు ఎంతగా తగిలిందంటే, తన వస్తువుల మీద హోలోగ్రామ్‌ అతికించి, నంబరు సరిచూసుకోమని చెప్పాల్సి వచ్చింది. సౌందర్య సాధనాల కంపెనీ లోరియల్‌ వేసిన కేసులో ఐరోపా న్యాయస్థానం 2011లోనే తేల్చిచెప్పింది... అమ్మకాల్లో చురుగ్గా పాలుపంచుకున్న ఆన్‌లైన్‌ సంత 'నాకేం సంబంధం లేదు' అని తప్పించుకోలేదని. 2018లో ఢిల్లీ హైకోర్టు కూడా ఇంచుమించు అదే దారిలో తీర్పులిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీలో ఓ ఆన్‌లైన్‌ సంస్థ గోదాములో బీఐఎస్‌ అధికారులు సోదా చేస్తే, ఐఎస్‌ఐ ముద్ర లేని గీజర్లు, మిక్సీలు లాంటి కరెంటు వస్తువులు 3,500కు పైగా దొరికాయి.

చోడవరంలో ముందుగదిలో కూర్చున్న నేను ఇవన్నీ ఎందుకు తెలుసుకున్నానంటే... డబ్బు వెనక్కి రావాలి కదా!

మొదట అమ్మినవాళ్లు 'గడువు దాటింది' అని రెండు ముక్కల్లో జవాబిచ్చారు. మా ఆయన "పోనీలే, పాఠం నేర్చుకున్నావు" అన్నారు. మా పెద్దమ్మాయి మాత్రం ఊరుకోలేదు. కాలేజీలో ఎవరో చెప్పారట, 1915కి ఫోన్‌ చేయమని. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు. తెలుగులోనే మాట్లాడాను. అప్పుడే తెలిసింది, 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్‌ నిబంధనల ప్రకారం వస్తువు నకిలీదైతే వెనక్కి తీసుకోననడానికి అమ్మకందారుకి వీల్లేదని. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి. నెలలోగా పరిష్కరించాలి. వినకపోతే వినియోగదారుల కమిషన్‌ ఉండనే ఉంది. 2019 చట్టం వచ్చాక అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మనం ఉంటున్న చోటే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి రుసుం కూడా లేదు.

కేసు దాకా వెళ్లలేదు. వైండింగ్‌ షాపు అన్నయ్య విప్పినప్పుడు తీసిన ఫొటోలు, పెట్టె ఫొటోలు, బిల్లు పంపించాను. పద్దెనిమిదో రోజున 1,799 రూపాయలూ ఖాతాలో పడ్డాయి. మిషన్‌ వెనక్కి కూడా అడగలేదు. అడగకపోవడమే అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం అనిపించింది.

ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి విశాఖలో షాపుకి వెళ్లి, చేత్తో పట్టుకుని చూసి, ప్లగ్గులో పెట్టించి, బిల్లు తీసుకుని కొన్నాను. ఏదైనా కొత్తది కొంటే ఇప్పుడు మొదటి ప్రయోగం నా జుట్టు మీదే. చెవి వెనక ఓ చిన్న పాయ దానికోసమే కేటాయించాను.

నకిలీదాన్ని పారేయలేదు. వైరు కత్తిరించేసి అద్దం పక్కన మేకుకి తగిలించాను. కాలేజీ అమ్మాయిలు "అదేంటక్కా?" అంటారు. పక్కనే అసలుది పెట్టి రెండింటిలో తేడాలు కనుక్కోమంటాను. ఆదివారం పుస్తకంలో బొమ్మల్లో తేడాలు వెతికినట్టు సరదాగా వెతుకుతారు. కొందరు తమ బ్యాగుల్లోని బ్రష్షులు, ట్రిమ్మర్లు తీసి నాకు చూపించడం మొదలుపెట్టారు.

మొన్న సంక్రాంతికి ఆ అమ్మాయి అత్తారింటి నుంచి వచ్చింది. ఆ పెళ్లయ్యాక వాళ్లింటివాళ్లెవరూ మళ్లీ నా దగ్గరికి రాలేదు. రారనే అనుకున్నాను కూడా. కర్టెన్‌ తీసుకుని ఆమె లోపలికి వస్తుంటే లేచి నిలబడ్డాను. కుర్చీలో కూర్చుని, జడ విప్పి, ఆ పాయ చూపించింది. భుజం దాటి చాలా కిందికి వచ్చింది. "కొసలు సమానం చెయ్యక్కా" అంది.

కత్తెర తీశాను. అద్దం పక్కన వేలాడుతున్న దాన్ని చూసి, "ఇంకా దాచుకున్నావా దీన్ని?" అని నవ్వింది.

దాచుకోక! దాని వేడికి మాడిన పాయ ఈ పాటికి పెరిగింది. నేనాడిన అబద్ధం మాత్రం దాన్ని చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.